చట్టం చెరిపిన కేసును మనం తిరిగి రాయవద్దు
(ప్రసంగ పాఠం)



పిల్లలు దారి తప్పకుండా ఏం చేయాలన్న విషయం మన సభల్లో తరచు చర్చకు వస్తుంది. ఒకసారి దారి తప్పి, కేసు ముగించుకొని ఇంటికి తిరిగివచ్చిన కుర్రవాడి గురించి మాత్రం మనం మాట్లాడుకోము. నేడు మేము అతడి గురించే మాట్లాడదలిచాము.

మా బస్తీలో ఒక కుర్రవాడు పదహారో ఏట స్నేహితులతో కలిసి మోటారు సైకిలు దొంగతనంలో పట్టుబడ్డాడు. జువెనైల్ జస్టిస్ బోర్డులో కేసు నడిచింది. కొన్ని నెలలు హోంలో ఉండి వచ్చాడు. పద్దెనిమిది నిండాక ఒక వెల్డింగు షాపులో పనికి కుదిరాడు. ఏడాదిపాటు వేళ తప్పకుండా వెళ్లాడు. జీతం తెచ్చి తల్లి చేతిలో పెట్టేవాడు. ఒకనాడు ఎవరో పాత సంగతిని యజమాని చెవిన వేశారు. మరునాడే లెక్క తేల్చి పంపించివేశారు. మూడు నెలలు గడవకముందే ఆ కుర్రవాడు మళ్లీ పాత స్నేహితుల మధ్య కనిపించాడు. ఆ యజమాని దుర్మార్గుడు కాడు. నమాజులో మన పక్కన నిలబడే మనిషే. సంగతి తెలిసి కూడా మేము ఆయన వద్దకు వెళ్లి ఒక్క మాట చెప్పలేదు. ఆ తప్పులో మాకూ భాగముంది.

పనికీ నేరానికీ గల సంబంధాన్ని పండితులు లోతుగా పరిశీలించారు. అమెరికాలోని బోస్టన్ నగరంలో గ్లూక్ దంపతులు నేరాల్లో చిక్కుకున్న 500 మంది బాలురను, అటువంటి చరిత్ర లేని మరో 500 మందిని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఆ సమాచారాన్ని శాంప్సన్, లాబ్ అనే సామాజిక శాస్త్రజ్ఞులు తిరిగి పరిశీలించి 1993లో గ్రంథంగా వెలువరించారు. బాల్యంలో నేరం చేసినవారిలో కూడా నిలకడైన ఉద్యోగం, మంచి వైవాహిక జీవితం లభించినవారు నేరానికి దూరమయ్యారని వారు తేల్చారు. వారు నొక్కి చెప్పినది నిలకడ గురించి. పని దొరకడం ఒక్కటే చాలదు. ఆ పని మీద మనసు నిలవాలి. పోగొట్టుకుంటే నష్టమనిపించే గౌరవం అందులో ఉండాలి. 2000లో ప్రచురితమైన క్రిస్టఫర్ యుగ్గెన్ పరిశోధన మరొక హెచ్చరిక చేసింది. ఏదో ఒక పని కల్పించడం ఇరవయ్యేడేళ్లు, ఆపైబడినవారికి ఉపకరించింది గాని, అంతకంటే చిన్నవారిలో చెప్పుకోదగిన మార్పు తేలేదు. కాబట్టి కుర్రవాడిని ఏదో ఒక షాపులో పడవేసి మన బాధ్యత తీరిందనుకోరాదు. చిన్న వయసువాడికి ముందు చదువు, ఆపై చేతిపని, వాటి వెంట ఒక పెద్ద దిక్కు కావాలి.

అయితే ఆ పని దొరకడమే కష్టం. 2003లో దేవా పేజర్ అనే పరిశోధకురాలు మిల్వాకీ నగరంలో జరిపిన పరీక్ష ఫలితాలను ప్రకటించారు. జైలు చరిత్ర ఉన్న తెల్లవారిలో నూటికి 17 మందికి యజమానుల నుండి పిలుపు వచ్చింది. ఏ చరిత్రా లేని నల్లవారిలో 14 మందికే వచ్చింది. చరిత్ర ఉన్న నల్లవారిలో అయిదుగురికి మాత్రమే వచ్చింది. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, సమానమైన అర్హతలతో ప్రైవేటు ఉద్యోగాలకు పంపిన దరఖాస్తుల్లో ముస్లిం పేర్లున్న వాటికి అగ్రకుల హిందూ పేర్లున్న వాటికంటే ఎంతో తక్కువగా పిలుపులు వచ్చాయి. ఆ విధంగా మన పిల్లవాడు పేరు, కేసు అనే రెండు బరువులు మోస్తున్నాడు. మొదటిదానిపై మన పోరాటం సాగుతూనే ఉంది. రెండవదాన్ని చట్టం ఇదివరకే చాలావరకు దించింది. ఆ సంగతి మన ఇళ్లకు తెలియదు.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 24వ సెక్షను ప్రకారం, ఆ చట్టం కింద విచారణ జరిగిన బాలుడికి శిక్ష వల్ల కలిగే అనర్హతలేవీ వర్తించవు. అప్పీలు గడువు ముగిశాక రికార్డులను నాశనం చేయాలి. కేసు ముగిసిన తరువాత క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు ఆ వివరాలు వెల్లడించరాదని 74వ సెక్షను చెబుతోంది. పదహారేళ్లు నిండి, అతి తీవ్రమైన నేరాల్లో పిల్లల కోర్టు వయోజనులుగా విచారించిన కేసులకు మినహాయింపు ఉంది. బాల్యంలోని శిక్షను ఉద్యోగానికి అడ్డుగా చూపరాదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది.

గుమాస్తాగా పనిచేసిన కాలంలో ఉద్యోగ ధ్రువీకరణ ఫారాలు ఎన్నో మా బల్ల మీదుగా సాగాయి. కేసుల గురించి అడిగే గడి వద్దకు రాగానే కలం ఆపి, ఫారం అక్కడే వదలి వెళ్లిపోయిన యువకులను చూశాము. వారిని ఆపినది చాలాసార్లు చట్టం కాదు, భయం. అబద్ధం రాయమని మేము చెప్పడం లేదు. ఆ గడి నింపేముందు న్యాయవాదిని సంప్రదించండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్హులకు ఉచితంగా సలహా లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

తల్లిదండ్రులకు మా మనవి: బోర్డు ఇచ్చిన తుది ఉత్తర్వు నకలు ఇంట్లో భద్రపరచండి. కోపం వచ్చినప్పుడల్లా పాత తప్పును ఎత్తిపొడవకండి. షాపుల యజమానులకు మా మనవి: మీ భయం అర్థం లేనిదని మేము అనము. గల్లాపెట్టె తాళం మొదటి రోజే ఇవ్వమనడం లేదు. పని నేర్పండి, నెలనెలా జీతం ఇవ్వండి, అతడి పనిని బట్టి నమ్మకం పెంచండి. మసీదు కమిటీలకు మా మనవి: ప్రతి కుర్రవాడికీ ఒక పెద్దమనిషిని బాధ్యుడిగా నియమించండి. ఎక్కడైనా పని చెడితే ఆయన వెళ్లి యజమానితో మాట్లాడాలి. పేదవాడైతే ఉలమాల సలహాతో జకాత్ నుండి పనిముట్లు కొనివ్వండి. కార్యకర్తలు ఈ సెక్షన్లను తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి బస్తీ బస్తీకీ చేర్చాలి.

తౌబా ద్వారం తెరిచే ఉందని ప్రతి జుమాలో వింటున్నాము. అల్లాహ్ తెరిచి ఉంచిన ద్వారాన్ని మన షాపు షట్టరుతో మూయరాదు. ఆ వెల్డింగు షాపు యజమాని వద్దకు ఆలస్యంగానైనా వెళ్లాలని మేము నిశ్చయించుకున్నాము. మీలో ఎవరైనా మాతో వస్తే సంతోషిస్తాము.

అల్లాహ్ మనకు ఆ శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాము అలైకుమ్.