పసిబిడ్డ ఊపిరికి తోడు వాయువు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట ఆసుపత్రి మాటలేమిటని అనుకోకండి. పసిబిడ్డల సంగతి గనుక కాస్త చెవి యొగ్గండి.

నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు మోటారుబండ్ల పొగలో ఉంటుంది. మత్తుకు వాడే నవ్వు వాయువు వేరు. అది నైట్రస్ ఆక్సైడు. 1800 ప్రాంతంలో హంఫ్రీ డేవీ నైట్రిక్ ఆక్సైడును పీల్చబోయి నోరూ గొంతూ కాల్చుకున్నాడు. అటువంటి దానిని మన రక్తనాళాలే రవ్వంత తయారుచేసుకొని, దానితోనే వదులవుతాయని తేల్చిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమానం వచ్చింది.

పుట్టిన శిశువుకు ఊపిరితిత్తుల నాళాలు విచ్చుకోక ఒళ్ళు నీలిబారితే, వెంటిలేటరు గాలిలో దీనిని పది లక్షల పాళ్ళకు 20 పాళ్ళు కలుపుతారు. నెలలు నిండిన, దాదాపు నిండిన శిశువులకు అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది. పెద్దలలో ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు ఇస్తే ఆక్సిజను కొన్నాళ్ళు పెరుగుతుందే గాని, మరణాలు తగ్గినట్లు పరీక్షలలో తేలలేదు. పైగా మూత్రపిండాలకు చెరుపు కనిపించింది.

ఈ వాయువు తగిలిన హీమోగ్లోబిన్ కొంత మెథిమోగ్లోబిన్‌గా మారుతుంది. అది ఆక్సిజనును మోయలేదు. అందుకే మొదలుపెట్టిన 4 నుంచి 8 గంటలలోగా, తర్వాత మధ్యమధ్యనూ రక్తం తీసి చూస్తారు. బిడ్డ నెత్తురంతా తోడేస్తున్నారని తల్లులు కంటతడి పెడతారు, పాపం. ఆ చుక్క అవసరమేనమ్మా. ఇది ఆక్సిజనుతో కలిస్తే నైట్రొజన్ డయాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. మోతాదు రెట్టింపైతే ఆ పుట్టే వేగం నాలుగింతలు. కనుక గొట్టాలలో నిలవ వాయువును ముందే వెళ్ళగొట్టి, బిడ్డకు చేరే గాలిని యంత్రంతో ఎడతెగక కొలుస్తారు.

నా మట్టుకు నాకు అన్నిటికన్న భయం, ఇది హఠాత్తుగా ఆగిపోవటం. సిలిండరు అయిపోయినా, బిడ్డను మరో గదికి తరలించేటప్పుడు గొట్టం ఊడినా, నాళాలు మళ్ళీ బిగుసుకొని మొదటికంటె విషమించవచ్చు. బిడ్డ తేరుకున్నాక కూడా 20 నుంచి 10, 5, 1 అని మెట్లు దించినట్లు దించాలి.

కొన్ని పుట్టుగుండె జబ్బులలో రక్తం కుడినుంచి ఎడమకు మళ్ళటం మీదనే ప్రాణం నిలుస్తుంది; ఆ శిశువులకు ఇది ఇవ్వరాదు.

మనం పొరుగు భాషలో రాసిన కాగితాలమీద సంతకాలు పెట్టేవాళ్ళం. ఆ భాష చదివిన పిల్లలు మన యింటింటా ఉన్నారు. ఒకరిని వెంట పెట్టుకువెళ్ళండి. గుండె పరీక్ష అయిందా, రెండో సిలిండరు ఉన్నదా, యంత్రం ఆగితే చేతి సంచీతో ఈ వాయువు నిచ్చే ఏర్పాటున్నదా అని డాక్టరుగారిని అడగండి.