చేతికి వచ్చేదెప్పుడు?



ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు కొందరు సొంత వ్యాపారం పెట్టాలని ప్రణాళిక రాసుకుని నా దగ్గరకు వస్తూంటారు. పెట్టుబడి ఎంత, లాభం ఎంత అన్నీ చక్కగా వేసి ఉంటాయి. నేను అడిగేది ఒక్కటే: "ఈ డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది నాయనా?"

ఇది కువైట్ నేర్పిన ప్రశ్నే. 1980ల మొదట్లో సూక్ అల్ మనాఖ్ అనే ఇక్కడి అనధికార షేర్ల బజారులో రాబోయే తేదీ వేసిన చెక్కుల మీదే బేరాలు సాగేవి. ఆ తేదీ నాటికి షేర్ల ధర పెరగకపోతుందా అని అందరికీ ధీమా. 1982 ఆగస్టులో చెక్కులు చెల్లక బజారు కుప్పకూలింది. ఆ చెక్కుల మొత్తం సుమారు 9,400 కోట్ల డాలర్లని లెక్క తేలింది. కాగితం మీద మాత్రం అందరూ కోటీశ్వరులే!

నా అనుభవం చిన్నది. తొలి ఏడు ఒక భోజనాల కాంట్రాక్టు దొరికింది. లాభం ఖాయమనుకున్నాను. బిల్లు డబ్బు అయిదు నెలలకు గాని రాలేదు. ఈలోగా రాయచోటి నుంచి వచ్చిన మా వంటవాళ్ళకు జీతాలెక్కడివి? వారి జీతం ఆగితే అక్కడ ఇంట్లో పొయ్యి వెలగదు. మా ఆవిడ నగలు అమ్మి ఇచ్చాను.

కాబట్టి పిల్లలూ, నెలనెలా వచ్చేదీ పోయేదీ విడివిడిగా రాయండి. రాబడి మూడు నెలలు ఆలస్యమైతే ఏం చేస్తారో మరో కాగితం మీద వేయండి. ఆరు నెలల జీతాలు పక్కన పెట్టాకే దుకాణానికి బోర్డు కట్టండి. కట్టిన రోజున నన్ను పిలవండి, తప్పక వస్తాను.

సెలవు.