మరచినవారిని మనము మరువకూడదు



యాభై ఏండ్లు సంఘములో కీర్తనలు ఎత్తిన ఒక పెద్దాయన, నేడు భార్య పేరే మరచిపోయారనుకోండి. పరామర్శకు వెళ్లి మనము మొదట ఏమంటాము? “తాతగారూ, నేనెవరో చెప్పండి చూద్దాం!” ఆయన తడబడతారు, సిగ్గుపడతారు. దయచేసి అలా పరీక్షించకండి. మన పేరు మనమే చెప్పుదాము. ఆయన ఎరిగిన పాత కీర్తన ఒకటి పాడుదాము. పేర్లు పోయినా పాట తరచుగా నిలిచియుంటుంది.

ఇది శాపము కాదు, దయ్యము అంతకన్నా కాదు. డిమెన్షియా మెదడుకు వచ్చే జబ్బు. దానికి ముఖ్య కారణమైన వ్యాధిని 1906లో జర్మనీ వైద్యుడు అల్జీమర్ వివరించాడు. దానిని పూర్తిగా నయముచేసే మందు నేటికీ లేదు. అయితే థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ లోపము వలన వచ్చే మతిమరుపును సరిచేయవచ్చును. గనుక ముందుగా డాక్టరుకు చూపించండి.

మరి ఆ అమ్మగారి సంగతి? ఆయన తలుపు తీసుకుని ఎటు వెళ్లిపోతారోనని ఆమె ఆరాధనకు రావడమే మానుకున్నారు. “విశ్వాసములో చల్లారిపోయింది” అని చెప్పుకోకండి. ఈ ఆదివారము మీలో ఒకరు ఆయన దగ్గర కూర్చుని, ఆమెను మందిరమునకు పంపండి. అదియు ఆరాధనయే.

దేవుడు తన ప్రజలను మరువడని యెషయా 49వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ సంగతి ఆ ఇంటివారికి మన రాకపోకల వలన తెలియును గాక. ఆమేన్.