ఆకలి ఏ కోశమునకు?

ఒకమారు ప్రవచనానంతరము ఒక తల్లి మా వద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొన్నది. ఇంటర్మీడియెట్ చదువుచున్న ఆమె కుమార్తె, మార్కులు తగ్గిన నాటినుండి, అందరును నిద్రించిన పిమ్మట వంటింటిలో చేరి జంతికలు, లడ్లు కడుపునొప్పి వచ్చువరకు తినుచున్నదట. "స్వామీ! ఏకాదశి ఉపవాసములు చేయించినచో ఇది కుదురునా?" అని అడిగినది.

వలదంటిమి. ఉపవాసము వ్రతమే గాని శిక్ష కాదు. బలవంతముగా పస్తుంచిన పిల్ల తరచు మరునాటి రాత్రి రెండింతలు తినును. గీత 6వ అధ్యాయము 16వ శ్లోకములో భగవానుడు అతిగా తినువానికే గాక, బొత్తిగా తిననివానికిని యోగము లేదన్నాడు. ఆ రెండవ మాటను మనము మరచుచుందుము.

తైత్తిరీయోపనిషత్తు అన్నమయ కోశమునకు లోపల ప్రాణమయమును, దానికి లోపల మనోమయమును చెప్పినది. ఆ బిడ్డకు ఆకలి మనోమయములో. తిండి పడుచున్నది అన్నమయములో. ఎంత తిన్నను తీరునా? పైగా బంధువుల యెదుట "లావెక్కినావే!" అనుట మన యిండ్లలో హాస్యముగా చెలామణి యగుచున్నది. పిల్ల నవ్వినట్లే యుండును.

డబ్బాలకు తాళము వేయవలదనియు, వేళకు ప్రక్కన కూర్చుండి తానును భుజింపవలెననియు, కంచము ముందు మార్కుల ప్రసక్తి తేవలదనియు ఆ తల్లికి చెప్పితిమి. తిన్నది రహస్యముగా వాంతి చేసికొనుచున్నచో ఆలసింపక వైద్యునికి చూపవలెను, మ్రొక్కులు తరువాత.

"రాత్రి మరల వంటింటిలో దీపము వెలిగినచో?" అన్నది.

"కేకలు వేయక వెళ్లి ప్రక్కన కూర్చుండుము తల్లీ! ఏమి తింటివని అడుగవలదు" అంటిమి.