మట్టిలో కలిసే సంచి ఏది?
(వార్షిక మహాసభలో తార్నాక సంఘాల తరఫున చేసిన ప్రసంగం)



మేం ఉస్మానియా క్యాంపస్ దగ్గర పచ్చళ్లు, పొడులు అమ్ముతం. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు బంద్ అయినయి. ఆ ఏడాది చివర 120 మైక్రాన్లకన్నా పల్చని సంచులూ బంద్ అయినయి. అప్పుడు ఒక వ్యాపారి, "ఇవి మొక్కల సరుకుతో చేసినవి, మట్టిలో కలుస్తయి" అంటే రెండింతల ధర పెట్టి సంచులు కొన్నాం. వాడినవి ఎరువు గుంటలో వేశాం. ఏడాదికి తవ్వితే గోరంత ముక్కలు గుప్పెళ్లకొద్దీ వచ్చినయి. అప్పటికే ఆ ఎరువుతో కుండీల్లో ఆకుకూరలు పెంచి పిల్లలకు పెట్టినం.

ఎందుకట్లయిందో అడిగి తెలుసుకున్నాం. గోధుమపిండి ముద్దను నీళ్లలో కడిగితే మిగిలే జిగురు మాంసకృత్తి. మీల్‌మేకర్‌లో ఉండేది సోయా మాంసకృత్తి. ఇలాంటి దానికి గ్లిజరిన్ కలిపి వేడిమీద ఒత్తితే పల్చని పొర వస్తుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. కానీ గ్లిజరిన్ తక్కువైతే అప్పడంలా విరుగుతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. అందుకే ఇంకో పాలిమర్ కలుపుతారు.

అసలు సంగతి అక్కడే ఉంది. కలిపింది పాలిథీన్ అయితే, సూక్ష్మజీవులు మొక్క భాగం తిని పాలిథీన్‌ను ముక్కలుగా వదిలేస్తాయి. పీబీఏటీ లాంటిది పెట్రోలియం నుంచి వచ్చినా కంపోస్టులో కలిసిపోతుంది. 2021లో తిరుమల లడ్డూలకు హైదరాబాద్ డీఆర్‌డీవో ల్యాబ్ రూపొందించిన, మట్టిలో కలిసే సంచులు వచ్చినయి. కాబట్టి "మొక్కలది" అన్న మాట ఒక్కటే చాలదు.

కంపోస్టయ్యే సంచికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. దాని ప్రమాణం ఐఎస్ 17088. సుమారు 58 డిగ్రీల వేడిలో ఆర్నెల్లలోపు నూటికి 90 వంతులు కరగాలి. మన పెరటి గుంటకు అంత వేడి రాదు. అందుకే సర్టిఫికెట్ ఉన్న సంచినైనా పెద్ద కంపోస్టు యూనిట్‌కే పంపాలి.

సంచుల మిషన్‌కు అప్పు అడుగుదామనుకున్నాం. ఇప్పుడు ఆ దరఖాస్తు ఆపినం. ముడిసరుకు సర్టిఫికెట్ చూడకుండా, యూనివర్సిటీలోనో మా తార్నాక ఐఐసీటీలోనో తెలిసినవాళ్లను అడగకుండా ఏ సంఘానికీ అలాంటి అప్పు ఇవ్వొద్దని సమాఖ్యను కోరుతున్నాం. అప్పటిదాకా కుట్టుమిషన్ ఉన్న మన అక్కలకే గుడ్డసంచుల పని ఇద్దాం. తినుబండారాలకు మోదుగాకు విస్తర్లు వాడదాం.

మా డబ్బు పోయింది. మీది పోవద్దనే ఈ మాట చెప్పినం.