అప్పటికప్పుడు పెరిగిన రాక్షసుడు

బల్ల చుట్టును నలుగురైదుగురు మిత్రులు కూర్చుండి, రంగస్థలము లేకయే, కేవలము మాటలతోను పాచికలతోను ఒక వీరగాథను నడుపుకొను ఆట యొకటి అమెరికా దేశమున పుట్టినది. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు కల్పించిన ఈ ఆట 1974లో వెలువడినది. ఆటగాండ్రలో ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, మరియొకరు దొంగ అగుదురు. ఒక్కరు మాత్రము నిర్వాహకుడై, వారికి ఎదురగు లోకమునంతను, అందలి రాక్షసులతో సహా, తానే నడుపును.

ఈ నిర్వాహకునికి తరచుగా వచ్చు చిక్కు ఒకటి కలదు. అతడు కోటలో జరుగబోవు యుద్ధమునకు ముందుగానే సర్వము సిద్ధము చేసికొని యుండును. ఆటగాండ్రు వచ్చి, "కోటకు పోము, ఆ బురదనేలవైపు పోయెదము" అందురు. వలదనుట తగదు, తమ నిర్ణయమునకు విలువ యున్నదను నమ్మకమే ఈ ఆటకు ప్రాణము. కావున బురదనేలలో ఏదో యొకటి ఉండవలెను. పుస్తకములో కనబడుచున్నదేమో వారికి చాలని చిన్న రాక్షసుడు. వ్యవధి ఐదు నిమిషములు. ఆ చిన్నవానిని పెద్దవానినిగా చేయుట యెట్లు?

మొదటి పని వేషము మార్చుట. 'ఓగర్' అను నరభక్షకుని అంకెలను అట్లే యుంచి, నాచు పట్టిన చర్మమును, మొసలి దవడలను తగిలించినచో చూచువారికి అది క్రొత్త జంతువే.

రెండవ పని అంకెలు పెంచుట. 2014లో వెలువడిన ఐదవ కూర్పులో ఓగర్ ప్రాణబలము 59. ఇది సగటు లెక్క. పదిముఖముల పాచికలు ఏడు వేసి, మొత్తమునకు 21 కలుపగా వచ్చునది. ప్రతి పాచికయు పదియే పడినదనుకొన్నచో 91 అగును. గాయము సంగతికి వత్తము. ఆ కూర్పునకు చేరిన నిర్వాహక గ్రంథములోని పట్టికను చూచినచో, నడిమి శ్రేణులలో రాక్షసుడు ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది ప్రాణబలము సుమారు 15, ఒక చుట్టులో చేయు గాయము సుమారు 6 పెరుగుచుండును. ఈ రెండంకెలు జ్ఞాపకమున్న చాలును. ఓగర్ సగటు దెబ్బ 13. రెండు మెట్లు పెంచినచో ప్రాణబలము 89, గాయము 25.

అయితే ఇక్కడనే పొరపాటునకు తావున్నది. ప్రాణబలము మాత్రమే పెంచినచో యుద్ధము కఠినము కాదు, దీర్ఘమగును. కొట్టినదే కొట్టుచు ఆటగాండ్రు ఆవులింతురు. గాయము మాత్రమే పెంచినచో మరియొక ప్రమాదము. మూడవ స్థాయి యోధుని ప్రాణబలము సుమారు 28. మాంత్రికునిది అంతకంటె తక్కువ. 25 గాయమును ఒక్క పెట్టున వేసినచో మాంత్రికుడు అక్కడనే కూలును. దానినే 13గా ఒకటి, 12గా ఒకటి, ఇద్దరిపై రెండు దెబ్బలుగా పంచినచో అందరికిని భయము కలుగును, ఆలోచించుటకు వ్యవధియు చిక్కును.

అసలు లోపము బలములో లేదు, వంతులలో నున్నది. నలుగురు నాలుగు పనులు చేయునంతలో ఒంటరి రాక్షసుడు చేయునది ఒక్కటే. అందుచేత వానికి రెండవ దెబ్బనైనను, తోడుగా కొందరు అనుచరులనైనను ఇయ్యవలెను. 2008 నాటి నాల్గవ కూర్పులో ఒకే ప్రాణాంకము గల చిల్లర అనుచరులను కల్పించిరి; తగిలిన ఒక్క దెబ్బకే పడిపోవుదురు గనుక లెక్కల బెడద యుండదు.

ఇక ధర్మము మాట. పెంచదలచినది యుద్ధమునకు ముందే పెంచవలెను. ఆటగాండ్రు ఉపాయముతో రెండు చుట్టులలోనే రాక్షసుని పడగొట్టినచో, చాటుగా వానికి మరి ముప్పది ప్రాణములు పోయుట వారి గెలుపును దొంగిలించుటయే. ఒకసారి అట్టి అనుమానము కలిగెనా, ఆపై ఏ పాచికను వారు నమ్మరు. బలము ఎంతటిదో ముందుగానే సూచింపవలెను: విరిగిన చెట్లు, బురదలో మనిషి పొడవు అడుగుజాడ, ఎముకల కుప్ప. చూచిన పిమ్మట పోరుదురో, మరలుదురో వారి యిష్టము. పొరపాటున మరీ పెంచితిమని తోచినచో అంకెలను దిద్దనక్కరలేదు. కడుపు నిండిన రాక్షసుడు వెనుదిరుగవచ్చును, బేరమాడవచ్చును.

మనవారెరిగిన సుందరకాండలో సురస నోరు పెంచినకొలది హనుమంతుడు దేహము పెంచెను. ఆ పోటీ పెరుగుదలతో తెగలేదు. అతడు అంగుష్ఠమాత్రుడై లోపలికి పోయి వెలువడుటతో తెగినది. రాక్షసుని ఎంతగా పెంచినను, ఆ చిన్న దారిని మూయకుండుటయే నిర్వాహకుని నేర్పు.