కాకతి ఆడపడుచులు



భండారు అచ్చమాంబగారి స్మృతిలో మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ప్రకటించిన ఆ తల్లి 1905లో, ముప్పై దాటగానే కన్నుమూశారు. ఆ రోజుల్లో, మనం కూర్చున్న ఈ ఆసఫియా గ్రంథాలయం అబిడ్స్‌లో ఉండేది. అఫ్జల్‌గంజ్‌లోని ఈ భవనానికి 1936లో వచ్చింది.

కాకతీయుల ఇంటి ఆడబిడ్డలనగానే మనకు రుద్రమ ఒక్కతే గుర్తొస్తుంది. తండ్రి గణపతిదేవుడి తర్వాత 1262 నుంచి ఏలింది, రుద్రదేవ మహారాజు పేరుతో శాసనాలు వేయించింది. దేశాంతరాల్లోనూ ఇలాంటిదే జరిగింది: 1384లో పోలండు సింహాసనమెక్కిన యాద్విగకు రాణిగా కాక రాజుగానే పట్టం కట్టారు. అయితే రుద్రమ మేనత్తనూ చెల్లెలినీ పక్కన పెడితే ఆ వంశచరిత్ర సగమే తెలుస్తుంది.

గణపతిదేవుడు తీరాంధ్రాన్ని కత్తితో ఎంత గెలిచాడో, వియ్యాలతో అంత నిలబెట్టుకున్నాడు. దివిసీమ జాయపసేనాని చెల్లెళ్లు నారాంబ, పేరాంబలను తాను చేసుకున్నాడు. చెల్లెలు మైలాంబ నతవాడి రుద్రుడి ఇల్లాలు. కూతురు గణపాంబను ధరణికోట పాలకుడు కోట బేతరాజుకిచ్చాడు. రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికిచ్చాడు. ఈ పెళ్లిళ్లలో పిల్ల ఇష్టం ఎవరడిగారు? అదే శతాబ్దంలో బొహీమియా రాజకుమారి ఆగ్నెస్ చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్‌తో సంబంధాన్ని కాదని, ప్రాగ్‌లో సన్యాసినుల మఠం పెట్టుకుంది. మన పిల్లలకు ఆ తలుపు లేదు. మెట్టినింట్లోనే తమ మాట చెప్పుకోవలసి వచ్చింది. చెప్పుకున్నారు కూడా, చెరువుగట్ల మీదా గుడిముంగిళ్లలోనూ.

మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించింది. ఆ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. చెరువుగట్టు శాసనంలో తాను పెట్టిన ధర్మం చెప్పి ఊరుకోలేదు. దుర్జయ కులంలో వెన్నడు మొదలుకొని తన పుట్టింటి పెద్దల వరస అంతా చెక్కించింది. వెన్నడు, గుండలు, ఎఱ్ఱ, బేతలు, ప్రోలలు... కాకతీయుల తొలితరాల కోసం వెతికే పరిశోధకుడు నేటికీ ఆ చెరువుగట్టుకే పోవాలి. అత్తింటికి వెళ్లిన ఆడపడుచు చెప్పబట్టే పుట్టింటి ముత్తాతల పేర్లు మనకు దక్కాయి. కాకతీయ చరిత్రకు ఆమె చేసిన ఉపకారం ఏ సేనాని చేసినదానికీ తీసిపోదని నా నమ్మకం.

గణపాంబ కథ ఇంకా బరువైనది. భర్త పోయాక రాజ్యభారం ఆమె మీదే పడింది. గుంటూరు సీమలోని యెనమదల శాసనం, 1250 నాటిది, ఆమెదే. భర్త పేర ధాన్యకటకంలో బేతేశ్వరాలయం, తండ్రి పేర యెనమదలలో గణపేశ్వరాలయం కట్టించింది. రెండిళ్ల రుణమూ ఒకే శాసనంలో తీర్చుకున్న ఆమె మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యానికైనా నోచుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

రుద్రమ కూతురు రుయ్యమ ఇందులూరి అన్నయను పెళ్లాడింది. మరో కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు అమ్మమ్మ గద్దెనెక్కాడు.

రుద్రమ చివరి కబురు నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికింది. 1289 నవంబరు నాటి ఆ శాసనం వేయించినవాడు పువ్వుల ముమ్మడి. రుద్రమకూ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమి దానమిచ్చాడు. ఆ మహారాణి మరణవార్తను మనదాకా మోసుకొచ్చినవాడు కొలువులో చిన్నవాడే.